ప్లాస్మా ఎక్కడ ఇవ్వాలి?

బెంగళూరులో రక్తం ఇవ్వాలనుకునేవారికి దారి వెతుక్కునే పని లేదు. రెడ్‌క్రాస్, రాష్ట్రోత్థాన, తిప్పసంద్రలోని రోటరీ టీటీకే, సెయింట్ జాన్స్, విక్టోరియా ఆసుపత్రి... పేర్లు నోటి చివరే ఉంటాయి. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్లు ఇచ్చేవారి కోసం వాట్సాప్ గుంపుల్లో సందేశాలు తిరుగుతూనే ఉంటాయి. ‘ప్లాస్మా ఇస్తాను, ఎక్కడికి రావాలి?’ అని అడిగిన మనిషికి మాత్రం సూటి జవాబు దొరకదు. అమెరికాలోలా ప్లాస్మా కోసమే తెరిచిన కేంద్రాలు మన ఊళ్లలో వీధి మలుపుల్లో కనిపించవు. దాంతో చాలామంది, ఇది కోవిడ్ రోజులతోనే ముగిసిన వ్యవహారం కాబోలు అనుకుని ఊరుకుంటున్నారు. అది పొరపాటు. ప్లాస్మా ఇచ్చే చోటు మన కళ్ల ముందే ఉంది. రక్తాన్ని భాగాలుగా విడదీసే సౌకర్యం ఉన్న ఏ రక్త కేంద్రమైనా ఆ చోటే. మామూలు రక్తదానమే ప్లాస్మా దానం కూడా. లోపించింది చోటు కాదు, లెక్క. దాత ఇచ్చిన ప్లాస్మా ఎవరికి చేరింది, ఏ మందు అయింది, ఎంత వృథా అయింది అని అతనికి చెప్పే ఏర్పాటు మనకు లేదు. ఆ ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వాలు, రక్త కేంద్రాలు. దాన్ని అడగాల్సింది మనం.

ప్లాస్మా అనే మాట తెలుగిళ్లలోకి వచ్చింది 2020లోనే. ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో బెంగళూరు విక్టోరియా ఆసుపత్రిలో, హెచ్‌సీజీ ఆసుపత్రి వైద్యుల తోడ్పాటుతో, కోవిడ్ నుంచి కోలుకున్నవారి ప్లాస్మాను రోగులకు ఎక్కించే ప్రయోగం మొదలైంది. జూలైలో కర్ణాటక ప్రభుత్వం ప్లాస్మా ఇచ్చినవారికి ఐదు వేల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అంతే మొత్తం ఇస్తామంది. హైదరాబాద్‌లో సైబరాబాద్ పోలీసులు దాతల జాబితా తయారుచేసి వారిని ఆసుపత్రులతో కలిపారు. సినిమావాళ్లు ముందుకొచ్చి నలుగురికీ చెప్పారు. రెండో అల నాటికి అయినవాళ్ల కోసం ప్లాస్మా వెతుకుతూ దిక్కుతోచక తిరిగినవాళ్లు లేని ఊరు లేదు. అప్పటికే భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చేశాయి. ప్లాస్మా ఎక్కించినందువల్ల జబ్బు ముదరకుండా ఆగలేదు, మరణాలూ తగ్గలేదు. బ్రిటన్‌లో పదకొండు వేల మందికి పైగా రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే పరీక్ష కూడా అదే తేల్చింది. చివరికి 2021 మే 17న కోవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేశారు.

అక్కడితో కథ ముగిసిందని జనం అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ పరీక్షల్లో ఓడింది ప్లాస్మా కాదు, ఒక జబ్బుకు దాన్ని వాడిన ఒక పద్ధతి. రక్తంలో సగానికి పైగా ఉండే ఈ లేత పసుపు ద్రవంలో తొంభై శాతం నీరే. మిగిలిన కొద్ది భాగంలోనే రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు (ఫ్యాక్టర్లు), ఆల్బుమిన్, ఒంట్లోకి చొరబడే క్రిములను ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ చల్లని ఆల్కహాల్ సాయంతో వీటిని ఒక్కొక్కటిగా విడదీసే మార్గం కనుక్కున్నాడు. ఆ దారినే నేటికీ కర్మాగారాలు నడుస్తున్నాయి. కాలిన గాయాలకు, కాలేయ జబ్బులకు వాడే ఆల్బుమిన్, హీమోఫిలియా రోగులకిచ్చే ఫ్యాక్టర్లు, నరాల జబ్బులకూ పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) అన్నీ అక్కడినుంచే వస్తాయి. కోవిడ్ ఉన్నా లేకున్నా వీటి అవసరం రోజూ ఉంది.

ఆ అవసరం ఎంతటిదో ఒక్క జబ్బు చూస్తే చాలు. గులియన్ బారే సిండ్రోమ్ ఉన్నట్టుండి కాళ్లు చేతులు చచ్చుబడేలా చేస్తుంది. కొందరిలో ఊపిరి తీసుకునే కండరాల దాకా పాకుతుంది. 2025 మొదట్లో పుణెలో ఇది పెచ్చరిల్లింది. ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ కేసులు వచ్చాయి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాలవాళ్లకు ఇలాంటి నరాల జబ్బు వస్తే గుర్తొచ్చే పెద్దాసుపత్రుల్లో బెంగళూరు నిమ్హాన్స్ ఒకటి. చికిత్సలు రెండు. రోగి ప్లాస్మాను యంత్రంతో తీసేసి దాని బదులు వేరే ద్రవం నింపడం ఒకటి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం రెండోది. ఈ రెండోదాన్ని కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇస్తారు. అరవై కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు కావాలి. ఒక లీటరు ప్లాస్మా నుంచి కర్మాగారంలో చేతికొచ్చే ఇమ్యునోగ్లోబులిన్ నాలుగు గ్రాములకు అటూ ఇటూ. అంటే ముప్ఫై లీటర్ల ప్లాస్మా. ఒక్కో రక్తదానం నుంచి సుమారు 200 మిల్లీలీటర్లు వస్తుందనుకుంటే, మంచాన పడ్డ ఆ ఒక్క మనిషి వెనక నూట యాభై మంది దాతలు నిలబడాలి. అదే ముప్ఫై లీటర్ల నుంచి ఆల్బుమిన్, ఫ్యాక్టర్లు కూడా వేరేవాళ్ల కోసం వస్తాయి నిజమే. అయినా ఆ నూట యాభై అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఈ మందు ఖర్చు లక్షల్లోకి ఎందుకు పోతుందో, దిగువ మధ్యతరగతి కుటుంబం ఎందుకు కుదేలవుతుందో అది చెబుతుంది.

ఇప్పుడు ప్రయోగశాలల్లోనే ఫ్యాక్టర్లు తయారవుతున్నాయి కదా, మనుషుల ప్లాస్మాతో ఇంకా పనేమిటని ఎవరైనా అడగవచ్చు. హీమోఫిలియా విషయంలో ఆ మాటలో బలం ఉంది. జన్యు సాంకేతికతతో చేసిన ఫ్యాక్టర్లు, కొత్త రకం ఇంజెక్షన్లు చాలామంది పిల్లల బతుకును మార్చాయి. ఇమ్యునోగ్లోబులిన్ సంగతి అలా కాదు. వేలాది మంది తమ జీవితాల్లో ఎదుర్కొన్న రకరకాల క్రిముల జ్ఞాపకం ఆ యాంటీబాడీల్లో ఉంటుంది. ఆ వైవిధ్యమే దాని శక్తి. ఒక గొట్టంలో ఒక కణం నుంచి దాన్ని పుట్టించడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల బిడ్డలను కాపాడే యాంటీ-డి ఇంజెక్షన్ తయారీకీ మనుషుల ప్లాస్మా వాడతారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1954 నుంచి 2018 దాకా 1,173 సార్లు దానం చేశారు. ఆయన ప్లాస్మాలోని అరుదైన యాంటీబాడీతో తయారైన మందు ఇరవై నాలుగు లక్షల మంది బిడ్డలకు ఆసరా అయిందని అక్కడి రెడ్‌క్రాస్ లెక్కగట్టింది. 2025 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. కుక్కకాటుకు గాయం చుట్టూ ఇచ్చే హ్యూమన్ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా టీకా వేయించుకున్న మనుషుల ప్లాస్మా నుంచే తీస్తారు. వీధికుక్కల బెడద మీద రోజూ వాదించుకునే బెంగళూరువాసులు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరి ప్లాస్మా మాత్రమే ఇచ్చే దారి చట్టంలో లేదా? ఉంది. యంత్రం రక్తాన్ని తీసుకుని, ప్లాస్మాను వేరుచేసి, ఎర్రకణాలను తిరిగి దాత ఒంట్లోకి పంపుతుంది. మన ఔషధ నియమాల ప్రకారం ఒక విడతలో 500 మిల్లీలీటర్లు మించకూడదు. పక్షానికి ఒకసారి, నెలకు మొత్తం లీటరు దాటకుండా ఇవ్వవచ్చు. నగరంలోని పెద్ద రక్త కేంద్రాల్లో ఈ తరహా యంత్రాలు ఉన్నాయి. వాటి ముఖ్యమైన పని ప్లేట్‌లెట్లు తీయడం. ఒక్కసారి వాడి పారేసే కిట్‌కే వేలల్లో ఖర్చవుతుంది. ఫలానా రోగికి ఫలానా అవసరం అని వైద్యుడు అడిగితే తప్ప ప్లాస్మా కోసం ఆ ఖర్చు పెట్టడానికి ఏ కేంద్రానికైనా కారణం ఉండదు. అందుచేత ఆరోగ్యంగా ఉన్న సాధారణ దాతకు నేను చెప్పే సలహా ఒకటే. యంత్రం కోసం వెతకవద్దు, మామూలుగా రక్తం ఇవ్వండి. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. ఆ ఒక్క సంచి నుంచి ఎర్రకణాలు ఒకరికి, ప్లేట్‌లెట్లు ఇంకొకరికి, ప్లాస్మా మరొకరికి వెళ్తాయి. ఏబీ గ్రూపువారికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. ఎర్రకణాల విషయంలో ‘ఓ’ వాళ్లు అందరికీ ఇవ్వగలిగినట్టే, ప్లాస్మా విషయంలో ఏబీ వాళ్లది ఏ గ్రూపువారికైనా ఎక్కించవచ్చు. తమ రక్తం తమ గ్రూపువాళ్లకే తప్ప పనికిరాదనుకునే ఏబీ గ్రూపువారికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

అయితే ఎక్కడ ఇచ్చినా ఒకటే అనుకోకూడదు. అన్ని రక్త కేంద్రాలకూ భాగాలు విడదీసే లైసెన్సు ఉండదు. అది లేనిచోట మీ రక్తం మొత్తంగా ఒకరికే ఎక్కుతుంది, ప్లాస్మా విడిగా ఎవరికీ అందదు. లైసెన్సు ఉన్నచోట కూడా కాలం ముఖ్యం. రక్తం తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు ప్లాస్మాను వేరుచేసి ఘనీభవింపజేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ రక్తాన్ని గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్ తరిగిపోతుంది. వేరుచేశాక మైనస్ 30 డిగ్రీల చలిలో ఉంచితే ఏడాది నిలుస్తుంది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జరిగే శిబిరాన్ని ఊహించండి. ఉదయం తొమ్మిదింటికి మొదటి దాత రక్తం ఇస్తాడు. శిబిరం సాయంత్రం నాలుగు దాకా సాగుతుంది. అంతా అయ్యాక ఒకే వ్యాను బయల్దేరి సిల్క్ బోర్డు కూడలిలోనో మారతహళ్లి వంతెన మీదో ఇరుక్కుంటుంది. ఉదయం తీసిన సంచులు కేంద్రానికి చేరేసరికి గడువు దాటిపోతుంది. ఎర్రకణాలకు ఏమీ కాదు, అవి ఎక్కించడానికి పనికొస్తాయి. పోయేది ప్లాస్మాలోని ఆ సున్నితమైన గుణం. మధ్యాహ్నానికి ఒక వ్యాను ముందుగా పంపితే తీరే సమస్య ఇది. శిబిరం పెట్టేవాళ్లు దాతల సంఖ్య ఎంతని గొప్పగా చెప్పుకునే ముందు, సంచులు ఎన్ని గంటలకు ప్రయోగశాల చేరాయన్నది అడగాలి. బెంగళూరులో తెలుగువాళ్ల శిబిరాలు తక్కువేమీ కాదు. కంపెనీల్లో, అపార్ట్‌మెంట్లలో, పండుగలకూ నాయకుల, హీరోల పుట్టినరోజులకూ జరుగుతూనే ఉంటాయి. ఒకేరోజు వందల సంచులు పోగుచేస్తే ఐదు రోజులే నిలిచే ప్లేట్‌లెట్లు, నెల పైచిలుకు నిలిచే ఎర్రకణాలు గడువు తీరి పోయే ప్రమాదం ఉంది. ఏడాది నిలిచే ప్లాస్మాను దాచవచ్చు. దాన్నీ దాచడానికి డీప్ ఫ్రీజర్లలో చోటుండాలి.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. ‘నేను ఉచితంగా ఇచ్చినదాన్ని కంపెనీలు కొనుక్కుని మందుగా చేసి లక్షలకు అమ్ముతాయి. ఇదేం న్యాయం?’ ఈ ప్రశ్నను తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు, ఇందులో నిజం ఉంది కాబట్టి. ఆసుపత్రుల్లో ఎర్రకణాలు వాడినంతగా ప్లాస్మా వాడరు. అందుకే విడదీసిన కొద్దీ ప్లాస్మా మిగులుతుంది. ఆ మిగులును మందుల కర్మాగారాలకు ఇవ్వడానికి కేంద్రం అనుమతించి, 2015లో లీటరుకు 1,600 రూపాయల మారకపు విలువ నిర్ణయించింది. లీటరుకు ఐదుగురు దాతలనుకుంటే ఒక్కొక్కరి ప్లాస్మా విలువ 320 రూపాయలు. నవీ ముంబైలో, అహ్మదాబాద్‌లో, బెంగళూరుకు ఆనుకునే ఉన్న కోలార్‌లో ఈ శుద్ధి చేసే ప్రైవేటు కర్మాగారాలు ఉన్నాయి. అవి ఉండటం తప్పు కాదు. వేల దాతల ప్లాస్మాను కలిపి, వైరస్‌లను చంపి, పరీక్షలు దాటించి మందు చేయడానికి భారీ పెట్టుబడి కావాలి. అవి లేకపోతే మన మిగులు ప్లాస్మా గడువు తీరి కాల్చివేతకు పోతుంది, మనం అదే మందును విదేశాల నుంచి కొనుక్కుంటాం. దాత ఆగ్రహించాల్సింది కర్మాగారం మీద కాదు. తాను ఇచ్చింది ఎక్కడికి వెళ్లిందో ఎవరూ చెప్పకపోవడం మీద, దానికి ప్రతిఫలంగా ప్రభుత్వాసుపత్రి రోగికి ఏం దక్కిందో ఏ కాగితంలోనూ రాయకపోవడం మీద. దానం మానేస్తే కంపెనీకి పెద్ద నష్టం లేదు, అది ప్లాస్మాను మరోచోట కొంటుంది. నష్టపోయేది ఆపరేషన్ బల్ల మీద ఉన్న రోగి.

దీనికి విరుగుడు దాతలకు డబ్బివ్వడమే అనేవాళ్లు కొందరున్నారు. అమెరికా అలాగే చేస్తుంది. అక్కడ వారానికి రెండుసార్ల దాకా ప్లాస్మా ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. ప్రపంచంలో మందుల తయారీకి వెళ్లే ప్లాస్మాలో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ఒక్క దేశం నుంచే వస్తుంది. ఆ మందుతో అనేక దేశాల రోగులు బతుకుతున్నారన్నదీ కాదనలేం. కానీ డబ్బుకు రక్తం అమ్ముకోవడం పేదల మెడకు ఎలా చుట్టుకుంటుందో చైనాలోని హెనాన్ చూపించింది. 1990లలో అక్కడి పల్లెల్లో ప్లాస్మా కొనే కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేచాయి. పలువురి రక్తాన్ని కలిపి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్రకణాల మిశ్రమాన్ని తిరిగి రైతుల ఒంట్లోకి ఎక్కించారు. హెచ్‌ఐవీ ఊళ్లకు ఊళ్లనే చుట్టేసింది. దాన్ని బయటపెట్టిన వృద్ధ వైద్యురాలు గావో యావోజీ చివరికి దేశం విడిచి, 2023లో న్యూయార్క్‌లో కన్నుమూసింది. నేటి యంత్రాల్లో రక్తం అలా కలుషితం కావడానికి తావు లేకపోవచ్చు. పూట గడవని మనిషి తన జబ్బును దాచిపెట్టి సంచి నింపడానికి మాత్రం ఇప్పటికీ తావుంది. కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇచ్చేవారి వ్యవస్థకు 1998 నుంచి తెరపడింది. దాన్ని వెనక్కి తిప్పకూడదు. కోవిడ్ కాలంలో ప్రకటించిన ఐదు వేలు ఆపద సమయంలో సదుద్దేశంతో చేసిన పనే కావచ్చు. అది ఆనవాయితీ కాకపోవడమే మేలు.

డబ్బు వద్దంటే దాత మళ్లీ మళ్లీ ఎందుకొస్తాడు? ఇచ్చింది చేరిందన్న నమ్మకం ఉంటే వస్తాడు. ఆ నమ్మకం ఊరికే పుట్టదు. చెన్నైలో ఏటా లక్షన్నర లీటర్ల సామర్థ్యంతో ప్రభుత్వ ప్లాస్మా శుద్ధి కేంద్రం పెడతామని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏళ్ల కిందట తలపెట్టింది. 2014లో జాతీయ ప్లాస్మా విధానం కూడా వచ్చింది. అయినా నేటికీ ఈ పని ప్రధానంగా ప్రైవేటు చేతుల్లోనే ఉంది. ప్రభుత్వ కర్మాగారం కట్టేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన అవసరం లేదు. కర్ణాటక గానీ, మన రెండు తెలుగు రాష్ట్రాలు గానీ తమ ప్రభుత్వ రక్త కేంద్రాల మిగులు ప్లాస్మాను ఒకచోట చేర్చి, ఇప్పుడున్న కర్మాగారాలతోనే కూలికి మందు చేయించుకోవచ్చు. ధాన్యం ఇచ్చి మిల్లులో బియ్యం ఆడించుకున్నట్టు. ప్లాస్మా మనదే, మందు మనదే, ఆడించినందుకు మిల్లుకు కూలి ఇస్తాం. ఆ ఇమ్యునోగ్లోబులిన్, ఆల్బుమిన్ జిల్లా ఆసుపత్రులకు, నిమ్హాన్స్ లాంటి సంస్థలకు నేరుగా వెళ్తాయి. ఒక్కో రాష్ట్రానికి పరిమాణం చాలదనే అభ్యంతరం రావచ్చు. అందుకే బెంగళూరు ఆసుపత్రుల మీద ఆధారపడే రాయలసీమ జిల్లాలు, కర్ణాటక కలిసి ఈ ఏర్పాటు చేసుకోవడంలో అర్థం ఉంది. రోగులు ఎలాగూ సరిహద్దు దాటి వస్తున్నారు.

ఇదంతా జరిగేదాకా దాత చేయగలిగిందీ ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి. మీ దగ్గర రక్తాన్ని భాగాలుగా విడదీస్తారా? శిబిరంలో తీసిన సంచులు ఎన్ని గంటల్లో చేరుస్తారు? మూడో ప్రశ్న రక్తం ఇచ్చాక: మిగిలిన ప్లాస్మాను ఎవరికి ఇస్తున్నారు, దానికి బదులుగా ఏం తీసుకుంటున్నారు? సూటిగా జవాబు చెప్పే కేంద్రానికే మూడు నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్లాలి. ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో ఏ కేంద్రంలో ఏ గ్రూపు రక్తం ఎంత ఉందో ఇప్పటికే చూడవచ్చు. ప్రతి సంచి మీదా ఒక నంబరు ఉంటుంది. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా మూడూ ఆ నంబరుతోనే రిజిస్టరులోకి ఎక్కుతాయి. ‘మీ ప్లాస్మా ఫలానా తేదీన ఆసుపత్రికి వెళ్లింది’, లేదా ‘మందుల తయారీకి పంపాం’, లేదా ‘గడువు తీరి పారేశాం’ అని దాత ఫోన్‌కు ఒక సందేశం పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రమూ అక్కర్లేదు. రిజిస్టరులో ఉన్న వరుసను దాతకు చూపిస్తే చాలు.